ఫాలౌట్ 2 మొదట్లోనే చచ్చిపోతున్నారా? ఆటను వదలకండి, ఆ క్యారెక్టర్‌ను వదిలేయండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ప్రైమ్‌లో ఫాలౌట్ సిరీస్ చూశారు, అదే పేరున్న వీడియో గేముల్లో ఫాలౌట్ 4 సగం ఆడారు. "అసలు మజా రెండో భాగంలోనే ఉంది" అని ఎవరో అంటే ఫాలౌట్ 2 కొన్నారు. స్ట్రెంగ్త్ 9, ఎజిలిటీ 4 పెట్టి, బిగ్ గన్స్, ఎనర్జీ వెపన్స్ ట్యాగ్ చేశారు, అంటే మీ ప్రధాన నైపుణ్యాలుగా ఎంచుకున్నారు. మొదటి గుడిలో చీమలూ తేళ్లూ కలిసి నాలుగుసార్లు చంపాయి. ఎలాగో బయటపడి క్లామత్ అనే ఊరు చేరితే అక్కడ గెకోలు (పెద్ద బల్లులు) చంపాయి. మొదటి భాగం ఆడకపోవడం వల్లే ఇలా అవుతోందా, అసలు ఈ ఆట మనకు పనికొస్తుందా అని మీ సందేహం.

నేరుగా చెప్పేస్తాను. ఆట వదలకండి. ఆ క్యారెక్టర్‌ను మాత్రం ఇప్పుడే చెరిపేసి కొత్తది చేసుకోండి. మొదటి భాగం ఆడకపోవడానికీ దీనికీ సంబంధం లేదు. రెండు తప్పులు జరుగుతున్నాయి. ఒకటి, ముప్పై గంటల తర్వాత దొరికే తుపాకుల కోసం మొదటి గంటలోనే పాయింట్లు పోశారు. రెండోది, ఎదురైన ప్రతిదాంతోనూ కొట్లాటకు దిగుతున్నారు. ఈ ఆటలో మొదటి ఆరేడు గంటలు గెలవడానికి కొట్టడం రానక్కర్లేదు, తప్పుకోవడం వస్తే చాలు.

నేనూ ఇదే చేశాను కాబట్టి చెబుతున్నాను. 2002లో, హాస్టల్లో మా రూమ్మేట్ పెంటియం 3 మీద ఆడాను. నెట్ లేదు, గైడ్ లేదు. మినీగన్ బొమ్మ చూసి మురిసిపోయి బిగ్ గన్స్ ట్యాగ్ చేశాను. ఆట నా చేతికి ఇచ్చింది ఒక ఈటె. మినీగన్ కళ్లజూసేసరికి సెమిస్టర్ పరీక్షలు వచ్చేశాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో కనీసం పదిసార్లు మొదటినుంచి చివరిదాకా ఆడి ఉంటాను. ఆ మొదటి క్యారెక్టర్ మాత్రం డెన్ ఊరు దాటలేదు.

మొదటి భాగం సంగతి ముందు తేల్చేద్దాం. అది 1997లో వచ్చింది, కథ 2161లో మొదలవుతుంది. రెండోది 1998లో వచ్చింది, కథ 2241లో, అంటే ఎనభై ఏళ్ల తర్వాత. 2077లో అణుయుద్ధం జరిగింది. భూగర్భంలోని వాల్ట్ 13 నుంచి ఒకడు బయటికి వచ్చి తనవాళ్లను కాపాడాడు, కాపాడినందుకు వాళ్లే వెలివేశారు. అతను ఉత్తరానికి వెళ్లి అర్రోయో అనే పల్లె కట్టాడు. మీరు ఆ వంశం పిల్ల లేదా పిల్లాడు. ఊరి పెద్దావిడ మీ అమ్మే. పంటలు పోయాయి, నేలను మళ్లీ పచ్చగా చేసే గెక్ అనే పెట్టె వెతికి తెమ్మంటుంది. తెలియాల్సింది ఇంతే.

మొదటి భాగంలో వాల్ట్ నీళ్ల యంత్రానికి కావాల్సిన చిప్ తేవడానికి 150 రోజుల గడువు ఉండేది. ఇందులో అలాంటిది లేదు. ఆట గడియారం పదమూడేళ్ల దగ్గర ఆగిపోతుంది, అక్కడిదాకా ఎవరూ వెళ్లరు. మధ్యమధ్యలో హకునిన్ అనే ఊరి వైద్యుడు కలలోకి వచ్చి "పల్లె చచ్చిపోతోంది, త్వరగా రా" అని ఏడిపిస్తాడు. నేను ఆ మాట నమ్మి, టెన్షన్ పడిపోయి, రెండు ఊళ్లు చూడకుండానే పరిగెత్తాను. ఆయన్ని అలా ఏడవనివ్వండి. మీరు తీరిగ్గా తిరగండి.

ఇక క్యారెక్టర్. మీ పాతదాన్ని లెక్కవేసి చూడండి. ఈ ఆటలో కొట్లాట వంతులవారీగా సాగుతుంది, ఒక వంతులో ఎంత పని చేయగలరో చెప్పేవి యాక్షన్ పాయింట్లు. వాటి లెక్క 5కి ఎజిలిటీలో సగం కలపడమే. మీ ఎజిలిటీ 4, కాబట్టి 7 పాయింట్లు. ఈటె పోటుకు 4 ఖర్చు. అంటే విడతకు ఒక్క పోటు, అది కూడా సగంసార్లు తగలదు. బిగ్ గన్స్ మొదలయ్యేది ఎజిలిటీకి రెట్టింపు దగ్గర, అంటే 8. ట్యాగ్ చేసినందుకు 20 కలిపితే 28 శాతం. వాడటానికి చేతిలో తుపాకీ లేదు, ఉన్నా తగిలేది కాదు. అదే స్మాల్ గన్స్ అయితే ఎజిలిటీకి నాలుగు రెట్లు, పైన ఇంకో 5. ఒకే మనిషికి ఒక నైపుణ్యం పావలాకీ ఇంకోటి రూపాయికీ దొరుకుతుంటే, మీరు రూపాయిదే ఏరికోరి కొన్నారు.

నేను కొత్తవాళ్లకు చెప్పేది: గిఫ్టెడ్ ట్రెయిట్ (మొదట్లోనే ఎంచుకునే ప్రత్యేక గుణం) తీసుకోండి. ఏడు లక్షణాలకూ ఒక్కో పాయింట్ పెరుగుతుంది. బదులుగా నైపుణ్యాలన్నీ పది శాతం తగ్గుతాయి, లెవెల్‌కు వచ్చే స్కిల్ పాయింట్లు ఐదు తగ్గుతాయి. అయినా లాభమే. స్ట్రెంగ్త్ 5, పెర్సెప్షన్ 7, ఎండ్యూరెన్స్ 4, కరిష్మా 5, ఇంటెలిజెన్స్ 8, ఎజిలిటీ 10, లక్ 8. మొత్తం 47 వస్తుంది, సరిపోతుంది. ట్యాగ్ చేయాల్సినవి స్మాల్ గన్స్, స్పీచ్, మూడోది లాక్‌పిక్. రెండో ట్రెయిట్ ఖాళీగా వదిలేసినా నష్టం లేదు. ఫాస్ట్ షాట్ మాత్రం వద్దు, దాంతో గురిపెట్టి కొట్టే వీలు పోతుంది. కంటికి గురిపెట్టి కాల్చడం లేకపోతే ఈ ఆటలో సగం మజా లేనట్టే.

స్మాల్ గన్స్ చిన్నవాళ్ల పని అనుకోకండి. ఆట చివరి భాగంలో దొరికే గాస్ రైఫిల్, గాస్ పిస్టల్ కూడా ఆ పద్దులోకే వస్తాయి. మొదటి పిస్టల్ నుంచి ఆఖరి తూటా దాకా ఒకే నైపుణ్యంతో లాగేయవచ్చు. లెవెల్ పెరిగినప్పుడల్లా ట్యాగ్ చేసినదాంట్లో ఒక పాయింట్ వేస్తే రెండు శాతం పెరుగుతుంది. కాబట్టి ముందు అక్కడే పోయండి.

ఒక నిజం దాచకూడదు. ఈ కొత్త క్యారెక్టర్‌కు ఈటె పట్టినప్పుడు తగిలే శాతం మీ పాతదానికంటే కాస్త తక్కువే, 46 బదులు 40. అయినా 10 యాక్షన్ పాయింట్లుంటాయి. తేడా అక్కడుంది.

గుడిలో ఏం చేయాలంటే: ఈటె రెండు గడుల దూరం అందుతుంది. చీమ మీ పక్క గడిలోకి వచ్చేదాకా ఆగొద్దు. రెండు గడుల అవతల ఉండగానే రెండు పోట్లు పొడవండి, 8 పాయింట్లు అయిపోతాయి. మిగిలిన రెండింటితో రెండు గడులు వెనక్కి నడవండి. ఇప్పుడు అది మిమ్మల్ని కరవాలంటే ముందు నడిచి రావాలి, ఆ నడకకే దాని పాయింట్లు ఖర్చవుతాయి. వచ్చి ఒకసారి కరుస్తుంది, లేదా అదీ కుదరదు. మళ్లీ మీ వంతు. పొడవడం, వెనక్కి జరగడం. చూడటానికి పిరికితనంలా ఉంటుంది కానీ ఒంటికి పెద్దగా దెబ్బ తగలదు. తేలు ముందుకు వస్తే మాత్రం ఆ సాహసం కూడా వద్దు. కుడితే విషం ఎక్కుతుంది, నడుస్తున్న కొద్దీ ప్రాణం కారిపోతూ ఉంటుంది. తలుపు ఎటుందో చూసుకుని పరిగెత్తండి. అన్నిటినీ చంపి రమ్మని అక్కడ ఎవరూ చెప్పలేదు.

చివరి తలుపును పేల్చేయడానికి మందుగుండు ఆ గుడిలోనే దొరుకుతుంది. దాటాక కామెరాన్ అనే మన ఊరివాడే అడ్డం నిలబడి, ఒట్టి చేతులతో తలపడమంటాడు. మాట బాగుంటే మాటలతోనే ఒప్పించవచ్చు. లేకపోతే వాడి దగ్గరున్న తాళంచెవి కొట్టేసి చక్కా పోవచ్చు. నేను ఎక్కువసార్లు చేసింది రెండోదే. వాడు అలాగే నిలబడి ఉంటాడు, మనం తలుపు తీసుకుని వెళ్లిపోతాం. మిగతా ఆట ఎలా ఉండబోతోందో చెప్పే అసలు పాఠం గుడిలో ఇదొక్కటే.

పల్లెలోకి వచ్చాక వెంటనే బయల్దేరకండి. బ్రాక్ పువ్వు, జాండర్ వేరు అక్కడే దొరుకుతాయి, హకునిన్‌కు ఇస్తే మందుపొడి చేసిస్తాడు. గాయం మానుతుంది కానీ కాసేపు చూపు మందగిస్తుంది, కొట్లాట మధ్యలో మింగొద్దు. చెకుముకి రాయి సంపాదిస్తే ఈటెకు పదును పెట్టించుకోవచ్చు. తప్పిపోయిన కుక్కను వెతికి తేవడం లాంటి చిల్లర పనులు చేస్తే అనుభవం పాయింట్లు వస్తాయి. ఇక్కడ గంట గడిపితే క్లామత్‌లో మూడు చావులు తప్పుతాయి.

క్లామత్ గెకోలను వేటాడే ఊరు. మామూలు గెకో ఒక్కటి వస్తే పరవాలేదు, బంగారు రంగువి కనిపిస్తే వెనక్కి తిరగండి. దారిలో ఏదైనా గుంపు తగిలితే మ్యాప్ అంచుకు పరిగెత్తితే కొట్లాట అక్కడితో అయిపోతుంది. ఇది ఆటలో ఎక్కడా గట్టిగా చెప్పరు. నేను రెండోసారి ఆడినప్పుడు తెలిసింది, అది కూడా పొరపాటున.

ఈ ఊళ్లోనే మీకు పశువుల కాపలా పని దొరుకుతుంది. రెండు తలల ఆవులు, వాటి పేరు బ్రాహ్మిన్. మొదటిసారి స్క్రీన్ మీద ఆ పేరు చదివి మా రూంలో నవ్విన నవ్వులకు వార్డెన్ వచ్చాడు. తర్వాత 2008లో, మన దేశపు సాంస్కృతిక సున్నితత్వాల పేరు చెప్పి మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్‌లో ఫాలౌట్ 3ని ఇండియాలో విడుదల చేయలేదు. కారణం ఇదీ అని విప్పి చెప్పలేదు కానీ, ఈ ఆవులే అయి ఉంటాయని అందరం అనుకున్నాం. రెండో భాగం కాలంలో అడిగినవాడు లేడు.

క్లామత్ వదిలేముందు చేయాల్సిన ముఖ్యమైన పని ఒకటుంది. బక్నర్ హౌస్‌లో ముక్కుకు ఎముక పెట్టుకున్న సులిక్ అనే అతను అప్పులో చిక్కుకుని ఉంటాడు. 350 డాలర్లు కడితే మీ వెంట వస్తాడు. గెకో చర్మాలు అమ్మండి, అవసరమైతే కట్టుబట్టలతో మిగలండి, అతన్ని మాత్రం తీసుకోండి. అన్నట్టు, సిరీస్‌లో చూసి సీసా మూతలు ఏరుకుంటారేమో, ఇందులో అవి చెల్లవు. అంతా డాలర్లే.

సులిక్ చేతికి పెద్ద సుత్తి ఇవ్వండి. సబ్‌మెషీన్ గన్ ఇవ్వకండి. నేను ఇచ్చాను. ఒక గుహలో ఎలుక నాకూ అతనికీ మధ్యలోకి వచ్చింది. అతను బర్స్ట్ కొట్టాడు, అంటే ఒకేసారి తూటాల వాన కురిపించాడు. ఎలుక బతికింది. నేను పోయాను. మీ వెంట వచ్చేవాళ్లతో మాట్లాడి, బర్స్ట్ ఎప్పుడు కొట్టాలో, ఎంత దూరంలో ఉండాలో చెప్పే మెనూ ఉంది. ముందు అది సరిచేశాకే తుపాకీ సంగతి. ఎంతమందిని వెంట తిప్పుకోవచ్చన్నది కరిష్మాలో సగం. 5 ఉంటే ఇద్దరు.

డెన్‌లోకి అడుగుపెట్టేముందు జేబులు చూసుకోండి. కొట్ల గుమ్మాల దగ్గర పిల్లలు నిలబడి ఉంటారు. పక్కనుంచి నడిస్తే చాలు, ఏదో ఒకటి మాయం. మొదటిసారి నా ఒకే ఒక్క పిస్టల్ పోయింది. ఎక్కడో పడేసుకున్నానేమో అని పాత సేవ్‌లు తిరగేశాను. కాసేపటికి టబ్బీ కొట్లో సరుకు చూస్తుంటే నా పిస్టల్ అమ్మకానికి ఉంది! యూరప్‌లో అమ్మిన వెర్షన్లలో ఇంకా దారుణం. పిల్లల మీద హింస ఉండకూడదని వాళ్ల బొమ్మలు తీసేశారు, దొంగతనం మాత్రం తీయలేదు. కంటికి ఎవరూ కనిపించరు, వస్తువులు పోతూనే ఉంటాయి. మీరు కొన్న కాపీలో పిల్లలు కనిపించకపోతే అదే కారణం.

డెన్‌లో బానిసల వ్యాపారి మెట్జ్‌గర్ డబ్బు ఆశ చూపిస్తాడు. మొదటిసారి ఆడుతున్నప్పుడు ఒప్పుకోకండి. వాళ్లలో చేరితే నుదుటి మీద పచ్చబొట్టు వేస్తారు, అది ఆట అయిపోయేదాకా పోదు, చాలామంది మీ మొహం చూడటానికే ఇష్టపడరు. మీకు అక్కడ కావాల్సింది అతని దగ్గర బందీగా ఉన్న క్లామత్ వ్యాపారి విక్. సొమ్ము కట్టి విడిపించుకోండి. క్లామత్‌లో విక్ ఇంట్లోంచి రేడియో తెస్తే బేరం కాస్త దిగుతుంది.

సేవ్ చేయడం గురించి ఒక ముక్క. మీకున్నవి పది గళ్లు. ఒక్కదాని మీదే పదేపదే రాయకండి. తేలు విషం ఎక్కి, విరుగుడు లేక, ప్రాణం రెండు పాయింట్లు మిగిలి ఉండగా అలవాటుకొద్దీ F6 (క్విక్ సేవ్) నొక్కి, ఉన్న ఒక్క సేవ్ మీదే రాసేశాను. లోడ్ చేస్తే చావు, మళ్లీ లోడ్ చేస్తే మళ్లీ చావు. పన్నెండు గంటల ఆట పోయింది. ప్రతి కొత్త ఊరికీ ఒక కొత్త గడి పెట్టుకోండి.

మధ్యలోని ఊళ్ల గురించి ఎక్కువ చెప్పను, మీరే చూడాలి. మోడోక్‌లో కసాయి గ్రిషమ్ పిల్లలతో సరసాలాడితే తుపాకీ పెట్టి పెళ్లి చేసేస్తాడు, అంతవరకు గుర్తుపెట్టుకోండి. వాల్ట్ సిటీలో పౌరసత్వ పరీక్ష పెడతారు, తప్పినా బాధపడొద్దు, దాదాపు అందరం తప్పినవాళ్లమే. పక్కనే గెకో అనే ఊళ్లో గూల్‌ల (రేడియేషన్‌కు రూపం మారిపోయిన మనుషుల) రియాక్టర్ సమస్య తీరిస్తే రెండు ఊళ్లకూ మేలు జరుగుతుంది. దాన్ని మాటలతో తీర్చడంలో ఉన్న తృప్తి తుపాకీతో రాదు.

కారు మాత్రం వదులుకోవద్దు. డెన్‌లో స్మిట్టీ దగ్గర ఒక పాత హైవేమ్యాన్ కారు పడి ఉంటుంది. గెకో ఊరి నుంచి ఫ్యూయల్ సెల్ కంట్రోలర్ తెచ్చి, రెండు వేల డాలర్ల దాకా ఇస్తే మీది. ప్రయాణం రోజుల నుంచి గంటల్లోకి వస్తుంది. డిక్కీలో సామానంతా పడేయొచ్చు. అలా పడేసి, నాలుగు మాఫియా కుటుంబాల ఊరైన న్యూ రీనోకు దర్జాగా వెళ్లి, ఒక వీధి తిరిగి వచ్చేసరికి కారు లేదు. ఆ రాత్రి సిస్టమ్ ఆపేసి పడుకున్నాను. నాలుగు రోజులు ముట్టుకోలేదు. తర్వాత తెలిసింది, అది ఆటలో రాసిపెట్టిన దొంగతనమే, ఊళ్లోనే కార్లు విప్పే షెడ్డు ఒకటుంది, అడిగి తెచ్చుకోవచ్చు. కాబట్టి కారు పోయిందని పాత సేవ్ లోడ్ చేయకండి, వెతకండి.

నెట్‌లో వీడియోలు చూస్తే ఇంకో సలహా కనిపిస్తుంది: ఊరు దాటగానే నేరుగా దక్షిణానికి నవారో స్థావరానికి పరిగెత్తి, కాపలావాడికి అబద్ధం చెప్పి లోపలికి వెళ్లి, ఆటలోకెల్లా గట్టి కవచాల్లో ఒకదాన్ని ఎత్తుకొచ్చేయమని. పని చేస్తుంది. నేనూ చేశాను, నాలుగో రౌండులో. కానీ మొదటిసారే చేస్తే ఆ తర్వాత గెకో ఎదురైనా దోమ కుట్టినట్టే ఉంటుంది. ఈటెతో వణుకుతూ తిరిగిన రోజులే మీకు గుర్తుండేవి, వాటిని పోగొట్టుకోకండి.

రెండోసారి ఆడేటప్పుడు ఇంటెలిజెన్స్ 3 పెట్టి చూడండి. మీ క్యారెక్టర్‌కు మాటలు రావు, ఊళ్లోవాళ్లు జాలిపడతారు. క్లామత్‌లో టార్ అనే అమాయకుడు ఒకడున్నాడు. మామూలుగా అతని మాట ముద్దముద్దగా ఉంటుంది. మీరూ అలాంటివారే అయితే మాత్రం ఇద్దరూ పండితుల్లా సంభాషించుకుంటారు. ఒట్టి ఈ సీన్ కోసమే ఒక క్యారెక్టర్ చేశాను.

ఇక ప్యాచ్‌లు. అభిమానులు చేసిన అనధికారిక ప్యాచ్ తప్పకుండా వేసుకోండి, చాలా బగ్‌లు పోతాయి. రెస్టోరేషన్ ప్రాజెక్ట్ అనేది వేరు: అప్పట్లో తీసేసిన ఊళ్లనూ పనులనూ అది తిరిగి చేరుస్తుంది. బాగుంటుంది గానీ మొదటి రౌండుకు వద్దని నా మాట. కొన్ని చోట్ల కథ సాగదీసినట్టు అవుతుంది, ఏది అసలుదో ఏది చేర్చిందో మీకు తెలియదు. రిజల్యూషన్ మరీ పెంచొద్దు, మ్యాప్ అవతలి నల్లటి అంచులు కనిపించి ఊరు సినిమా సెట్టింగులా తయారవుతుంది.

ఫోన్లో ఆడొచ్చా అని చివర్లో అడిగారు. ఆడొచ్చు. కమ్యూనిటీ ఎడిషన్ అని ఉచితంగా దొరుకుతుంది, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడుస్తుంది. మీరు కొన్న ఆటలోని డేటా ఫైళ్లు అందులోకి కాపీ చేసుకోవాలి. వంతులవారీ ఆట కాబట్టి బస్సులో కూర్చుని కూడా హాయిగా సాగుతుంది. చిన్న స్క్రీన్ మీద గడిని సరిగ్గా నొక్కడం కష్టం, పొడవబోయి చీమ పక్కకు నడిచి వెళ్లి నిలబడతారు. గుడి మాత్రం కంప్యూటర్‌లో దాటి, ఆ తర్వాత ఫోన్లోకి మారండి.